ఆరో కారణం చెప్పకుండా వెళ్ళిన ఉస్తాద్

ఈ నాలుగు మాటలు ఇప్పుడే రాయాలి. నిజామాబాద్ బస్టాండు వెనక వీధిలో మోటార్లు బాగుచేసే మా ఉస్తాద్ పదిహేను రోజుల కిందట చనిపోయారు. పాత కార్ల జబ్బుల గురించి ఆయన చెబుతుంటే నేను రాసిన నోటుపుస్తకం ఒకటి నా దగ్గర ఉంది. అందులో ఒక పేజీ ఖాళీగా మిగిలింది. చలి పొద్దుల్లో స్టార్టయి, నిలబడిన చోటనే వణికి ఆగిపోయే ఇంజిన్ల గురించిన పేజీ అది. ఎండలు మొదలైతే ఆ జబ్బు దాక్కుంటుంది. మళ్ళీ కార్తీకం దాకా ఎదురుచూడాలి. అప్పటికి ఎవరికి ఏం గుర్తుంటుందో చెప్పలేను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

వార్త నాకు బళ్ళో తెలిసింది. నేను ఎనిమిదో తరగతికి సామాన్యశాస్త్రం చెబుతున్నాను. అటెండరు గుమ్మం దగ్గరికి వచ్చి, "టీచరమ్మా, మోటార్ల ఉస్తాద్ పోయిండంట. పొద్దుగాల నమాజుకు లేచి కాళ్ళు చేతులు కడుక్కుంట కడుక్కుంటనే ఒరిగిండంట" అన్నాడు. పిల్లలు నా ముఖం వైపు చూశారు. నేను పాఠం ఆపలేదు. గంట కొట్టేదాకా చెప్పాను. ఆయన సగం విప్పిన ఇంజిను వదిలి ఏనాడూ అన్నానికి లేవలేదు. సగం చెప్పిన పాఠం వదిలి వచ్చానంటే నన్నే కోప్పడేవారు.

నేను వెళ్ళేసరికి మగవాళ్ళంతా ఆయన్ని తీసుకుని వెళ్ళిపోయారు. షెడ్డు తలుపు తీసే ఉంది. లోపల ఒక జీపు ముక్కు తెరుచుకుని నిలబడి ఉంది. దాని పక్కన నేల మీద పరిచిన గుడ్డపై నట్లు, బోల్టులు విప్పిన వరసలోనే ఉన్నాయి. ఎడమ నుంచి కుడికి, మొదట విప్పింది మొదట. ఆయన పద్ధతి అది. ఒక్క నట్టు వరస తప్పినా ఒప్పుకునేవారు కాదు. ఎవరైనా నవ్వితే, "నీ ఇంట్ల చెప్పులు గీ వరసల పెట్టి చూడు, నీ పెండ్లాం గూడ నవ్వుతది, కానీ నీ చెప్పు నీకు దొరుకుతది" అనేవారు.

ఆయన గురించి పెద్ద మాటలు రాయడం నాకు ఇష్టం లేదు. ఆయన చేసిన పని రాస్తాను.

మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేను. మా బాపు బోధన్ దగ్గర ఒక చెరుకు రైతుకు కారు నడిపేవాడు. ఆ ఆసామి నిజాంసాగర్ కాలవ నీళ్ళు చూసి కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవారు. కారు ఆయన కొనేనాటికే పాతది. ఆ ఇంటి వెనక, కారు షెడ్డును ఆనుకుని ఉన్న గదిలో మేముండేవాళ్ళం. నేను అక్కడి నుంచి బోధన్ బడికి నడిచి పోయేదాన్ని. మాక్లూర్ దగ్గర మా సొంత ఊళ్ళో బడి అయిదో తరగతితో అయిపోయేది. ఆ గది ఉంటేనే నాకు బడి.

నేను ఏడో తరగతిలో ఉన్న ఏడాది, చలి మొదలుకాగానే ఆ కారు వణకడం మొదలుపెట్టింది. హ్యాండిల్ తిప్పితే ఇంజిను అందుకునేది. యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే చాలు, జ్వరమొచ్చిన మనిషిలా బండి మొత్తం ఊగేది. రెండుసార్లు తుమ్మి ఆగేది. మళ్ళీ తిప్పాలి. ఎట్లాగో పది నిమిషాలు నడిపిస్తే, వేడెక్కాక ఏమీ ఎరగనట్టు సాఫుగా తిరిగేది. బోధన్‌లో పెట్రోలును గాలితో కలిపే కార్బురేటరును ఇంజిను మీంచి దించకుండా, పైమూత మాత్రమే రెండుసార్లు విప్పి కడిగారు. ప్లగ్గులు మార్చారు. వణుకు పోలేదు. ఒకరోజు చెరుకు బళ్ళ మధ్యలో, ఫ్యాక్టరీ గేటు ముందర ఆగిపోయింది. వెనకున్న బండ్లవాళ్ళు దిగి నెట్టారు, నెడుతూ నవ్వారు. ఆసామి ఇంటికొచ్చి బాపుతో అన్నారు.

"ఏవయ్యా, ఈ నెలాఖరు దాకా చూస్తాను. బాగుపడకపోతే అమ్మేస్తాను. మళ్ళీ ఇంకోటి కొనను. నాకు ఎడ్లబండి చాలు, నలుగురి చేత నెట్టించుకునే ఖర్మ నాకేంటి?"

కారు లేకపోతే డ్రైవరు అక్కరలేదు. డ్రైవరు లేకపోతే గది లేదు. ఆ రాత్రి మా అమ్మ, మేం అవ్వ అంటాం, నా పుస్తకాల సంచి మేకుకు తగిలించి, దాన్నే చూస్తూ కూర్చుంది.

బాపు కారు తీసుకుని నిజామాబాద్ పోయాడు. ఉస్తాద్ విని, "ఇక్కడ పెట్టి పో. ఒక రాత్రి చలికి పండాలె. పొద్దుగాల నేనే స్టార్ట్ చేస్త" అన్నారట. ఎడపల్లి, జానకంపేట దాటి అంత దూరం నడిచొచ్చిన బండి వేడి మీద ఉంటుంది, దాన్ని చూసి లాభం లేదని ఆయన ఉద్దేశం. బాపుకు మాత్రం బండిని వదలబుద్ధి కాలేదు. అందులోనే పడుకున్నాడు. మా వైపు డ్రైవర్లకు ఒక అలవాటుంది. చలి పొద్దుల్లో కుంపట్లో నిప్పులు పోసి ఇంజిను కింద పెడతారు. పెట్రోలు బండి కింద నిప్పు పెట్టడమేమిటని మీరంటారు. నేనూ అన్నాను. అయినా పెట్టేవాళ్ళు. ఉస్తాద్ వచ్చేలోపు బాపు కుంపటి పెట్టి, తీసి, బూడిద కూడా ఊడ్చేశాడు.

ఉస్తాద్ స్టార్ట్ చేశారు. ఇంజిను పిల్లిలా గురగుర అంటోంది.

"ఏందిరా? వణుకుతది అంటివి. ఇది నాకంటె మంచిగున్నది."

ఉస్తాద్ ఇంజిను అడుగున చేయి పెట్టి, ఆ చేయి వాసన చూశారు.

"కుంపటి పెట్టినవా?"

"మీ ముందల గట్ల ఆగితే ఇజ్జత్ పోతదని పెట్టిన ఉస్తాద్."

"అరే, నేను దాని జ్వరం చూద్దామని కూసుంటే, నువ్వు పౌడరు రాసి పెండ్లిచూపులకు తయారు చేసినవా? వేడి బండి మర్యాదకు మాట్లాడుతది. చలి బండే నిజం చెప్తది. నిన్ను నమ్మితే అయ్యేది కాదు. నేనే వస్త."

ఈ సంగతి మా బాపు తర్వాత వందసార్లు చెప్పుకుని నవ్వాడు. ఆ రోజు మాత్రం ముఖం చిన్నబుచ్చుకుని ఇంటికొచ్చాడు.

అన్నట్టే రెండు రోజులకు ఉస్తాద్ సాయంత్రం బస్సుకు వచ్చారు. నేను ఆయన్ని చూడడం అదే మొదటిసారి. పొట్టి మనిషి, తెల్ల గడ్డం, భుజాన గుడ్డసంచి. అన్నం తిని, నులకమంచం కారు ముందు వేయించుకుని పడుకున్నారు. "ఎవడన్న నిప్పు తెస్తే నా మంచం దాటి పోవాలె" అన్నారు బాపు వైపు చూస్తూ.

తెల్లవారాక నేను చాయ తీసుకెళ్ళాను. ఆయన తలకు చుట్టుకున్న రుమాలు విప్పేశారు. అంత చలిలో అందరూ చెవులు కప్పుకుంటే ఆయన తెరిచి పెట్టుకున్నారు. చాయ సాసర్లో పోసుకున్నారు కానీ తాగలేదు. ఆ సాసరును కారు మడ్గార్డు మీద పెట్టారు.

"ఏం చదువుతున్నవు బిడ్డా?"

"ఏడో తరగతి."

"కండ్లు మంచిగుంటయి అయితే. సాసర్ల చాయ చూస్త ఉండు. అలలు నిలిస్తే చెప్పు. వేరే దిక్కు చూడకు, మీ బాపు ఏడ్చినా సరే."

బాపు హ్యాండిల్ తిప్పాడు, ఇంజిను అందుకుంది. చాయ మీద ఒకదాన్నొకటి తోసుకుంటూ అలలు లేచాయి. ఆయన యాక్సిలరేటరు తొక్కనివ్వలేదు. ముందు, కార్బురేటరుకు గాలి వచ్చే దారిని మూసే చోక్ మూత పూర్తిగా పడుతోందా చూశారు. తర్వాత బండి వెనక కూర్చుని పొగగొట్టం ముందు అరచేయి పెట్టి కళ్ళు మూసుకున్నారు. తర్వాత ప్లగ్గుల వైర్లు ఒక్కొక్కటే తీసి పెట్టారు. తీసిన ప్రతిసారీ అలలు ఇంకా పెరిగాయి. "నాలుగు సిలిండర్లు పని చేస్తున్నయి. ఎవడూ దొంగ కాదు" అన్నారు. ఇంతలో ఇంజిను వేడెక్కసాగింది. ఆయన టక్కున ఆపేశారు. మళ్ళీ మరుసటి పొద్దు దాకా ముట్టుకోలేదు. ఆసామి వచ్చి, "అదేంటండీ, ఇప్పుడే కదా మొదలెట్టారు?" అంటే, "ఇయ్యాల్టి చలి అయిపోయింది సాబ్" అన్నారు.

రెండో పొద్దున మళ్ళీ సాసరు, మళ్ళీ నేను. ఈసారి ఆయన నూనె క్యాను తీశారు. పొడుగు ముక్కుతో, కార్బురేటరు ఇంజినుకు అతుక్కునే చోట చుట్టూ బొట్టు బొట్టుగా నూనె వేస్తూ పోయారు. ముందు వైపు వేశారు, ఏమీ లేదు. పక్కన వేశారు, ఏమీ లేదు. వెనక వైపు వేయగానే చాయ అద్దంలా నిలిచిపోయింది.

"నిలిచినయి తాతా! అలలు నిలిచినయి!"

ఆయన నవ్వలేదు. నూనె ఇంకిపోగానే అలలు మళ్ళీ లేచాయి. మళ్ళీ నూనె, మళ్ళీ నిలిచాయి. మూడుసార్లు చేసి, నాతో మూడుసార్లు చెప్పించుకున్నారు. అక్కడ సందు ఉంది. చలికి సందు తెరుచుకుని ఇంజిను దొంగగాలి పీలుస్తోంది. వేడెక్కితే ఇనుము సాగి సందు మూసుకుంటోంది. నూనె వేస్తే ఆ కాసేపూ సందు పూడుతోంది. ఇదంతా ఆయన నాకు అప్పుడే, నేను పెద్దదాన్నన్నట్టు చెప్పారు.

కార్బురేటరు విప్పి మధ్యలో ఉండే ప్యాకింగు బయటికి తీశారు. నూనె మరకల కింద సగం అంకెలు కనిపించాయి. ఏడో ఎక్కం. అది నా లెక్కల పుస్తకం వెనకట్ట. ఎండాకాలం సెలవులకు ముందు ఆ అట్ట మాయమై, పుస్తకం చింపుకున్నావని మాస్టారు నన్ను నిలబెట్టారు. నేను బాపు వైపు చూశాను. బాపు నేల చూశాడు. ఆ రోజు ప్యాకింగు చిరిగిందట, ఆసామికి తొందరట, దుకాణం దూరమట. ఉన్న అట్ట కోసి పెట్టాడు. ఎండాకాలమంతా బాగానే నడిచింది, బాపు కూడా మరిచిపోయాడు.

ఉస్తాద్ సంచిలోంచి అసలు ప్యాకింగు షీటు తీసి, కొలిచి కోశారు. కోస్తూనే, "ఆసామికి నువ్వే చెప్పు" అన్నారు.

"నౌకరి పోతది ఉస్తాద్. పిల్ల బడి పోతది. మీరే ఏదన్న చెప్పుర్రి, పాతదై అరిగిందని."

"నేను అరిగిందంటే ఆయన బండినే అనుమానపడతడు. అనుమానం పట్టిన బండిని ఎవడూ ఉంచుకోడు. అప్పుడు గూడ నీ నౌకరి పోయేదే కద? ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పు. దానికే ఇలాజ్ ఉంటది, మందు ఉంటది."

బాపు వెళ్ళి చెప్పాడు. నేను తలుపు వెనక నిలబడి విన్నాను.

"పిల్ల పుస్తకం చింపి నా కారుకు పెట్టావా? బుద్ధుందా నీకు? నా కారు సంగతి తర్వాత, ముందు ఆ పిల్లకు పుస్తకం తెచ్చివ్వు." తర్వాత ఆసామి ఉస్తాద్ వైపు తిరిగి, "ఏవండీ, ఇక పూర్తిగా నయమైనట్టేనా?" అన్నారు.

"రేపు పొద్దుగాల చెప్త సాబ్. ఇయ్యాల వేడి మీదున్నది."

మూడో రాత్రి కూడా ఆ మంచం మీదే పడుకున్నారు. మూడో పొద్దున ఇంజిను మొదటి తిప్పుకే అందుకుని నిలకడగా తిరిగింది. అప్పుడు సాసరు తీసి చాయ తాగారు. నేను బళ్ళో ఉండిపోయాను. ఆ కారు మరికొన్నేళ్ళు నడిచింది.

తర్వాత టీచరు ట్రైనింగు కోసం నిజామాబాద్ వచ్చి, ఇక్కడే ఉద్యోగంలో చేరాను. ఒక ఆదివారం షెడ్డు వెతుక్కుంటూ వెళ్ళి నా పేరు, బాపు పేరు చెప్పాను. ఆయనకు గుర్తురాలేదు. ఏడో ఎక్కం అన్నాను. "అరే, అలల పిల్ల!" అని స్టూలు తుడిచి వేశారు.

ఆయనకు అక్షరం రాదు. నిజాంసాగర్ కట్టే రోజుల్లో నీళ్ళు తోడే ఇంజిన్లకు నూనె పోసే పనితో మొదలై, చెవితోనే అంతా నేర్చుకున్నారు. "నా కొడుకు చేతులు నాకంటె మంచియి. చెవులకే తొందర" అనేవారు కొడుకు వినేటట్టు. కొడుకుకు నలభై ఏళ్ళు. "ఆ చెవులు నీ దగ్గర్నే తెచ్చుకున్న బాబా, పాతయి" అని అతను లోపలి నుంచి అరిచేవాడు. ఆ ఆదివారమే నన్ను అడిగారు, "నేను చెప్తె రాస్తవా?" అని. రాస్తానన్నాను. రెండేళ్ళు ఆదివారం పొద్దున్నే వెళ్ళాను. ఆడపిల్లకు మోటార్ల షెడ్డులో ఏం పనని అన్నవాళ్ళున్నారు. వాళ్ళకు నోటుపుస్తకం చూపించాను. అంతకుమించి జవాబు చెప్పలేదు.

రాయడానికి ఆయన పెట్టిన నియమం ఒకటే. జబ్బు చేసిన బండి ఎదురుగా ఉంటేనే చెబుతారు. ఒట్టిగా కూర్చుని చెప్పరు. వాన వచ్చి బండ్లు రాని ఆదివారాలు మేము ఊరికే చాయ తాగి లేచేవాళ్ళం. ఒకసారి నేను విసుక్కున్నాను.

"మీకు ఎరుకే కద తాతా, ఊకె చెప్పుర్రి, రాసుకుంట."

"ఎరుకైంది చెప్తే కథైతది బిడ్డా. చూసింది చెప్తేనే పనికొస్తది."

ఇంకోసారి నేను 'కార్బురేటరు ఖరాబైంది' అని రాసి చదివి వినిపిస్తే, కొట్టేయించారు. "ఖరాబైందన్నది నీ తీర్పు. అది ఏం చేస్తున్నదో రాయి. తీర్పు చదివేటోడు చేసుకుంటడు." నేను ఇప్పుడు పిల్లల చేత ప్రయోగాల పుస్తకం రాయించేటప్పుడు ఈ మాటే చెబుతున్నాను. ఎవరు చెప్పారో కూడా చెబుతున్నాను.

చలి వణుకుకు అయిదు కారణాలు అట్లా, అయిదు బండ్ల ముందు నిలబడి రాశాం. చోక్ మూత సరిగా పడకపోవడం, కార్బురేటరులో చెత్త, ప్లగ్గులూ వాటి వైర్లూ, ప్లగ్గులకు నిప్పురవ్వ అందించే పాయింట్లు, ప్యాకింగు దగ్గర దొంగగాలి. ఏది ఎట్లా పసిగట్టాలో, ఏది ముందు ఏది తర్వాతో అన్నీ ఉన్నాయి. కిందటి చలికాలం ఆయన ఆరో పేజీ పైన అంకె వేయించి ఆపేశారు.

"ఆరోది ఉన్నది. జిందగీల మూడు బండ్లకే చూసిన. ఈ అయిదు చూసినా వణుకు పోకుంటే అది. బండి వస్తే చెప్త."

ఆ మూడు బండ్లూ ఎవరివో మాత్రం చెప్పారు. ఒకటి వర్ని వైపు చెరుకు రైతుది. ఒకటి డిచ్‌పల్లి వైపు ఒక డాక్టరుగారిది. ఒకటి మద్నూరు నుంచి వచ్చిన మరాఠీ పత్తి వ్యాపారిది. పేర్లు ఆయనకు గుర్తులేవు. బండ్ల రంగులు గుర్తున్నాయి: ఆకుపచ్చ, నలుపు, మళ్ళీ నలుపు. ఆ చలికాలం అటువంటి బండి రాలేదు. ఈ చలికాలం ఆయన పోయేదాకా కూడా రాలేదు.

ఆయన పోయిన వారానికి వచ్చింది.

ఆర్మూరు పసుపు వ్యాపారి పాత కారు. ఉస్తాద్ కొడుకు మనిషిని పంపాడు, "చెల్లె, జర పుస్తకం పట్టుకొని రాండ్రి" అని. తెల్లవారుతుండగానే వెళ్ళాను. నేను చదువుతూ ఉంటే అతను ఒక్కొక్కటే చేశాడు. తొందరపడలేదు. తండ్రి ఎట్లా చేసేవారో అట్లాగే తల మీది రుమాలు తీసి పక్కన పెట్టాడు. నాలుగు పొద్దులు పట్టింది. అయిదు కారణాలూ అయిపోయాయి. పుస్తకంలో లేకపోయినా వాల్వులను కదిపే టాపెట్ల సందు కూడా కొలిచాడు, సరిగానే ఉంది. ఇంజిను వణుకుతూనే ఉంది. పొగగొట్టం దగ్గర అరచేయి పెడితే గాలి బయటికి కొట్టడమే కాదు, ఒక్కోసారి చేతిని లోపలికి లాగుతోంది. వేడెక్కితే ఆ లాగుడు ఉండదు. నేను కూడా చేయి పెట్టి చూశాను, అందుకే రాస్తున్నాను.

"తర్వాత?" అన్నాడు అతను, రెంచి పట్టుకుని.

పేజీ తిప్పాను. అంకె తప్ప ఏమీ లేదు. అతను తొంగి చూసి, అక్షరాలు తనకు కనబడటం లేదేమోనని నా ముఖం చూశాడు.

ఇంజిను మొత్తం విప్పేద్దామని అతని మొదటి ఆలోచన. విప్పితే కారణం దొరకొచ్చు. కానీ విప్పకుండా, బయట నిలబడి దాన్ని ఎట్లా పసిగట్టాలో మాత్రం తెలియదు. ఉస్తాద్‌కు తెలిసింది అదే. అందుకే విప్పవద్దని నేను పట్టుబట్టాను. ఆర్మూరు ఆయన కూడా పెద్దమనసుతో బండిని ఇక్కడే ఉంచడానికి ఒప్పుకున్నారు.

కాబట్టి వర్ని రైతుగారూ, డిచ్‌పల్లి డాక్టరుగారూ, మద్నూరు సేఠ్‌గారూ, లేదా ఆ బండ్లు నడిపిన డ్రైవరన్నలారా, మీలో ఎవరైనా ఇది చదివితే, ఎవరైనా చదివి వినిపిస్తే, ఆ పొద్దున ఉస్తాద్ మీ బండి దగ్గర ఏం చేశారో నాకు రాయండి. ముందు ఎక్కడ చేయి పెట్టారు, దేన్ని విన్నారు, ఏం అడిగారు, చివరికి ఏం తీసి చూపించారు. కారణం మీకు తెలియకపోయినా ఫరవాలేదు. చూసింది రాయండి చాలు. రాయడం రాకపోతే పక్కింటి బడిపిల్ల చేత రాయించండి. ఈ పత్రిక కార్యాలయానికి పంపితే నాకు చేరుతుంది.

ఉస్తాద్ కొడుకు ఆ బండిని రోజూ సూర్యోదయానికి ఒక్కసారి స్టార్ట్ చేసి, వణుకు వినగానే ఆపేస్తున్నాడు. వేడెక్కనివ్వడం లేదు. పొద్దులు మాత్రం రోజురోజుకూ వెచ్చబడుతున్నాయి. ఫిబ్రవరి పదో తేదీలోపు మీ జవాబు నాకు అందాలి.